మందు మొదలుపెట్టక ముందు చెప్పాల్సిన మాట

(ఏలూరులో మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పేరు చదవగానే మీలో కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కాన్సర్ వచ్చిన చిన్న వయసు ఆడపిల్లల్లో అండాశయం ముక్కను తీసి, గడ్డకట్టించి, భవిష్యత్తులో పిల్లల కోసం దాచిపెట్టడం. ఇక్కడ రొమ్ములో గడ్డ కనిపిస్తే చూపించుకోవడానికి విజయవాడో గుంటూరో పోవాలి. పీహెచ్‌సీలో లేడీ డాక్టరు లేదు. ఇలాంటిచోట అండాశయాన్ని దాచుకోవడం గురించి మాట్లాడటం సిగ్గులేనితనం కాదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. కానీ నేను ఈ అంశాన్ని పెద్ద వైద్యం ముచ్చటగా చెప్పడానికి రాలేదు. ఒక ఆడపిల్ల శరీరంలో ఏం పోబోతోందో ఆమెకు ముందుగా చెప్పాలా, అక్కర్లేదా? ఈ ప్రశ్న మన సంఘాలకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగానికి స్త్రీలను అదేమిటో చెప్పకుండానే పోగుచేసినప్పుడు స్త్రీశక్తి సంఘటన అడిగిన ప్రశ్న ఇదే. ఆ మరుసటి ఏడాది మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లిందీ దీనికోసమే.

ముందు శరీరం సంగతి చెప్పుకుందాం. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది లక్షలకు పైగా అండపుటికలుంటాయి. పుటిక అంటే అండాన్ని దాచుకున్న చిన్న సంచి. మగవాడికి వీర్యం జీవితమంతా తయారవుతూనే ఉంటుంది. మనకు అలా కాదు. పుట్టినప్పుడున్నదే మన ఆస్తి, అది రోజురోజుకూ తరుగుతూ పోతుంది. పెద్దమనిషి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. వాటిలో విడుదలయ్యేవి నాలుగు వందలకు అటూ ఇటూ. ఇక వెయ్యికి లోపు మిగిలాయంటే ముట్లు ఆగిపోతాయి.

కాన్సర్‌కిచ్చే మందులన్నీ అండాశయాన్ని ఒకేలా దెబ్బతీయవు. ఈ సంగతి తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే అన్నింటికీ భయపడిపోతే వైద్యమే మానేసే ప్రమాదం ఉంది. మన పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో చేయించిన పనివల్ల అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ వచ్చిన పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి కొంతకాలమైనా వ్యాధి తగ్గుతుందని చూపించాడు. కీమోథెరపీ చరిత్రలో మొదటి మెట్లలో అదొకటి. ఆ మెథోట్రెక్సేట్ అండాశయానికి పెద్ద హాని చేసేది కాదు. హాని చేసేవి వేరే జాతి మందులు. సైక్లోఫాస్ఫమైడ్, ప్రొకార్బజీన్, ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ లాంటివి. పొత్తికడుపుకు రేడియేషన్ ఇచ్చినా అంతే. ఇవి నిద్రలో ఉన్న పుటికలను కూడా చంపేస్తాయి. వ్యాధి నయమవుతుంది, ఇరవై నాలుగేళ్లకే ముట్లు ఆగిపోతాయి. పిల్లలు పుట్టకపోవడం ఒక్కటే కాదు. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు పెళుసుబారడం, గుండెజబ్బు ముప్పు. యాభై ఏళ్లకు రావాల్సినవన్నీ పాతికేళ్లకే వస్తాయి.

ఇప్పుడు ఆ పద్ధతి ఏమిటో చూద్దాం. లాప్రోస్కోపీ పేరు మీ అందరికీ తెలుసు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరాల్లో మన పల్లెలు చూసిన పరికరమే. మన రాష్ట్రంలో పెళ్లయిన పదిమందిలో దాదాపు ఏడుగురు ఆడవాళ్లు ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపడానికి ఊరూరికీ వచ్చిన ఆ గొట్టం, పిల్లలు పుట్టే అవకాశాన్ని కాపాడటానికి కూడా పనికొస్తుందని మనకెవరూ చెప్పలేదు. దానితోనే ఒక అండాశయాన్నో, అందులో కొంత భాగాన్నో తీస్తారు. పుటికలన్నీ పై పొరలోనే ఉంటాయి కాబట్టి ఆ పొరను ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన పలుచగా ముక్కలు కోస్తారు. లోపల మంచు ముళ్లు కట్టి కణాలు చీలిపోకుండా ఒక ద్రావణంలో నానబెట్టి, మెల్లగా చల్లబరుస్తూ, చివరకు మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. వ్యాధి నయమై కొన్నేళ్లు గడిచాక, ఆమెకు కావాలనిపిస్తే, ఆ ముక్కల్ని మిగిలిన అండాశయం మీదో దాని పక్కనో మళ్లీ కుడతారు. నాలుగైదు నెలలకు ముట్లు తిరిగి రావడం మొదలవుతుంది.

ఇది గాలిలో మాట కాదు. 1994లో ఎడింబరోలో రోజర్ గాస్డెన్ బృందం గొర్రెలో దీన్ని చేసి చూపింది, గొర్రెపిల్ల పుట్టింది. 1997లో బెల్జియంలో హాడ్జ్‌కిన్ లింఫోమా వచ్చిన పాతికేళ్ల అమ్మాయి అండాశయపు ముక్కల్ని కీమోకు ముందు దాచారు. జాక్ డోనెజ్ అనే వైద్యుడు 2003లో వాటిని తిరిగి నాటాడు, 2004 సెప్టెంబరులో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. లోపల మిగిలిన అండాశయం నుంచే ఆ అండం వచ్చిందేమో అని కొందరు శాస్త్రజ్ఞులు అప్పట్లో సందేహించారు కూడా. 2005లో ఇజ్రాయెల్‌లో మరో బిడ్డ, ఆ తర్వాత డెన్మార్క్‌లో, ఇంకా అనేక చోట్ల. ఇప్పటికి ప్రపంచం మొత్తం మీద రెండు వందలకు పైగా పిల్లలు ఇలా పుట్టారు. 2019లో అమెరికా సంతాన వైద్యుల సంఘం దీన్ని ఇక ప్రయోగం అనక్కర్లేదని ప్రకటించింది.

మనకు మరీ దగ్గరగా ఉన్న ఉదాహరణలు రెండున్నాయి. రెండూ కాన్సర్‌వి కావు. కాంగోలో పుట్టి బెల్జియం చేరిన ఒక అమ్మాయికి సికిల్ సెల్ జబ్బు. మజ్జ మార్పిడికి ముందు, పద్నాలుగేళ్లు కూడా నిండకుండా, ఇంకా పెద్దమనిషి కాకముందే అండాశయం దాచారు. 2014లో ఆమె తల్లి అయింది. దుబాయి నుంచి వెళ్లిన తలసీమియా ఉన్న ఒక పాపకు తొమ్మిదేళ్లప్పుడు, 2001లో, ఇంగ్లండులోని లీడ్స్‌లో దాచారు. 2016 డిసెంబరులో లండన్‌లో ఆమెకు బాబు పుట్టాడు. సికిల్ సెల్, తలసీమియా అంటే బుట్టాయగూడెం, పోలవరం, జీలుగుమిల్లి నుంచి వచ్చిన మీకు వివరించాల్సిన పని లేదు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది, పరీక్షలు చేస్తున్నారు, కార్డులిస్తున్నారు. రేపు అందులో ఒక కోయ పిల్లకు మజ్జ మార్పిడి అవకాశం వస్తే, ముందు ఇచ్చే మందు ఆమె అండాశయాన్ని ఏం చేస్తుందో చెప్పే మనిషి ఎవరు?

చిన్నపిల్లల విషయంలో ఈ పద్ధతికి ప్రత్యేకత ఉంది. అండాలనే తీసి దాచే పద్ధతి వేరే ఉంది, ఇప్పుడు అన్ని పెద్ద ఊళ్లలో చేస్తున్నారు. దానికి పది పన్నెండు రోజులు హార్మోను ఇంజెక్షన్లు కావాలి, పిల్ల పెద్దమనిషి అయి ఉండాలి. పిండాన్ని దాచాలంటే మగవాడి వీర్యం కావాలి. అంటే పెళ్లయిన అమ్మాయి తన భవిష్యత్తును మొగుడి సంతకానికి కట్టేసుకోవడమే. రేపు అతను వదిలేస్తే ఆ పిండం గతి ఏమిటి? అండాశయపు ముక్కకు ఇవేవీ అక్కర్లేదు. రెండు మూడు రోజుల్లో పని అయిపోతుంది, కీమో ఆలస్యం కాదు, మొగుడితో పనిలేదు. స్త్రీవాదులం కాబట్టి ఈ చివరి మాట మనం గట్టిగానే పట్టించుకోవాలి.

అయితే చెప్పాల్సిన ఇబ్బందులు ఉన్నాయి, వాటిని దాచి చెబితే మనమూ కమిషను ఏజెంట్ల లెక్కే. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది రక్తకాన్సర్. ఆ జబ్బులో అండాశయం ముక్కలోనే కాన్సర్ కణాలు దాగి ఉండే వీలుంది. తిరిగి నాటితే జబ్బును మళ్లీ నాటినట్టే. అందుకే ఇప్పటికి ఆ పిల్లలకు దాచినా నాటడం సురక్షితం అనడం లేదు. పొత్తికడుపు రేడియేషన్‌తో గర్భసంచి దెబ్బతింటే అండాశయం ఒక్కటీ బాగుండి ఏం లాభం? వయసు ముప్పై అయిదు దాటితే పుటికలు తక్కువ, ఫలితం తక్కువ. ఎడింబరో వైద్యులు పెట్టుకున్న నియమాల్లో ముప్పై అయిదు లోపు వయసు, బతికే అవకాశం బాగా ఉండటం, అండాశయం పోయే ముప్పు సగానికి మించి ఉండటం ఉన్నాయి. ప్రతి కాన్సర్‌కీ ఇది అని ఎవరైనా అంటే నమ్మకండి. తిరిగి నాటించుకున్న నలుగురిలో ఒకరికి బిడ్డ పుడుతోంది, మంచి కేంద్రాల్లో ముగ్గురిలో ఒకరికి. నాటిన ముక్క జీవితాంతం పనిచేయదు, సాధారణంగా కొన్నేళ్లే. దాచుకున్నవారిలో తిరిగి వచ్చి నాటించుకునేవాళ్లు చాలా తక్కువ. కొందరికి అండాశయాలు వాటంతటవే కోలుకుంటాయి, కొందరు పిల్లలు వద్దనుకుంటారు, కొందరు బతకరు.

ఇంత ఖర్చు లేని పనులు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ అడగడం లేదు. పొత్తికడుపుకు రేడియేషన్ ఇచ్చేముందు అండాశయాలను కిరణాలు తగలని చోటికి, పైకి జరిపి కుట్టవచ్చు. దీనికి ద్రవ నత్రజని అక్కర్లేదు, చెయ్యి తిరిగిన సర్జన్ చాలు. కీమో సాగినన్నాళ్లూ అండాశయాన్ని నిద్రపుచ్చే ఇంజెక్షన్లు నెలకొకటి ఇస్తే రొమ్ము కాన్సర్ స్త్రీలలో కొంత ఉపయోగం ఉందని 2015లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చెప్పింది. దాచుకోవడానికి బదులు ఇదే చాలు అనలేం, ఏమీ లేనిచోట ఇది కొంత. ఇక అండాశయాలు పోయినా, జబ్బు రకాన్ని బట్టి, హార్మోను మాత్రలతో ఎముకల్ని కాపాడుకోవచ్చు. కీమో అయ్యాక ముట్లు రావడం లేదని సిగ్గుపడి నోరు విప్పని పిల్లలు మన ఊళ్లలో ఉంటారు. "జబ్బు తగ్గింది, అదే పదివేలు" అని ఇంట్లో నోరు మూయిస్తారు.

దూరం సంగతి. మన దగ్గర అంత పెద్ద ఫ్రీజింగ్ కేంద్రం ఎక్కడుంది అంటారు. డెన్మార్క్ ఏం చేసిందో చూడండి. ప్రతి ఆసుపత్రిలోనూ ఫ్రీజింగ్ పెట్టలేదు. అండాశయాన్ని స్థానిక ఆసుపత్రిలోనే తీసి, ఐసు మీద పెట్టి, నాలుగైదు గంటల ప్రయాణంలో కోపెన్‌హాగెన్‌కు పంపారు. అక్కడ గడ్డకట్టించారు. ఆ ముక్కలతోనే పిల్లలు పుట్టారు. జర్మనీలో రాత్రంతా ప్రయాణం చేయించి బాన్ నగరానికి చేర్చి కూడా ఫలితం సాధించారు. ఆకివీడు, కైకలూరుల్లో చేపను ట్రేలలో ఐసు దట్టించి లారీకెత్తితే హౌరా, గౌహతి దాకా చెడకుండా పోతోంది. ఈ ప్రాంతానికి చల్లగా ఉంచి దూరం పంపడం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. (తేడా ఒకటుంది, అండాశయం దారిలో గడ్డకట్టకూడదు, నాలుగు డిగ్రీల దగ్గర ఉండాలి.) ఏలూరు నుంచి విజయవాడకు గంటన్నర లోపు, హైదరాబాదుకు ఆరు గంటలు. మణిపాల్, వెల్లూరు వంటి వైద్య కళాశాలల్లో ఈ పని తెలిసినవాళ్లున్నారు. రాష్ట్రానికి ఒక్క ప్రభుత్వ కేంద్రం చాలు. అది గుంటూరు పెద్దాసుపత్రిలోని నాట్కో కాన్సర్ కేంద్రంలోనా, మంగళగిరి ఎయిమ్స్‌లోనా, విశాఖలో టాటావారి హోమీ భాభా ఆసుపత్రిలోనా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

డబ్బు ఎవరిస్తారు? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కీమోకు, రేడియేషన్‌కు అందులో ప్యాకేజీలున్నాయి. అంటే అండాశయాన్ని చంపే మందుకు ప్రభుత్వం డబ్బిస్తుంది, దాన్ని కాపాడే పనికి ఇవ్వదు. కేంద్రం ఆయుష్మాన్ పథకంలో సంతాన సాఫల్య చికిత్సలు మినహాయింపుల కిందే ఉన్నాయి. కానీ ఇది సంతానం కోసం చేసే చికిత్స కాదు, కాన్సర్ వైద్యం చేసే హానిని తగ్గించే చికిత్స. కీమో వల్ల వాంతులైతే మందిస్తారు కదా, ఇదీ అలాంటిదే అని మనం వాదించాలి. జర్మనీలో 2021 నుంచి కాన్సర్ రోగుల అండాలనూ వీర్యాన్నీ దాచే ఖర్చు ప్రభుత్వ బీమా భరిస్తోంది.

చట్టం ఇంకా గందరగోళం. 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టంలో "స్త్రీ" అంటే ఇరవై ఒక్క ఏళ్లు దాటినామె. బీజం అంటే వీర్యం, అండం. అండాశయపు ముక్క ఊసే లేదు. దాత ఇచ్చిన బీజాలనూ పిండాలనూ పదేళ్లకు మించి దాచకూడదని రాశారు. తొమ్మిదేళ్ల పాప అండాశయానికి ఏ నియమం? పదేళ్ల లెక్కే దానికీ వేస్తే ఆమెకు పందొమ్మిది నిండేసరికి పారేయాలా? ఇంగ్లండు 2022 జూలైలో చట్టం మార్చి ఈ గడువును యాభై అయిదేళ్ల దాకా పెంచింది.

నాకన్నిటికంటే గుచ్చుకునేది ఇంకొకటి. అండాశయాన్ని ఇంత శ్రద్ధగా పొరలు పొరలుగా దాచే ఈ కాలంలోనే, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం సగటు 3 శాతం. తెల్లబట్ట, నడుంనొప్పి అని పోతే "కాన్సర్ అవుతుంది" అని భయపెట్టి తీసేసినవి వాటిలో ఎన్నో. చాలామందికి దానితోపాటు అండాశయాలు కూడా పోయాయో లేదో తెలియదు, చేతిలో కాగితం లేదు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నరేంద్ర గుప్తా వేసిన కేసులో దీని మీద తీర్పిచ్చింది, రాష్ట్రాలు పర్యవేక్షణ కమిటీలు వేయాలంది. కాన్సర్ పేరు చెప్పి లేని జబ్బుకు అండాశయం తీసేయడం, నిజంగా కాన్సర్ వచ్చినప్పుడు అండాశయం పోతుందని చెప్పకపోవడం. రెండింటిలోనూ ఆమెను ఎవరూ అడగలేదు.

అసలు ఆడపిల్లను ఆసుపత్రి దాకా తేవడమే తక్కువ. 2022లో లాన్సెట్ ఆంకాలజీలో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రచురించిన అధ్యయనం, కాన్సర్ వైద్యానికి వచ్చే పిల్లల్లో అబ్బాయిలే బాగా ఎక్కువని, ఖర్చూ దూరమూ పెరిగేకొద్దీ ఆడపిల్లలు మరింత తగ్గుతారని చూపింది. తెచ్చినవాళ్లు కూడా జబ్బు సంగతి బయటకు రానివ్వరు, పెళ్లి కాదని. ఇలాంటిచోట అండాశయం దాచిన రసీదు కూడా కట్నం బేరంలో ఒక కాగితం అవుతుందేమోనని నా భయం. "పిల్లలు పుడతారట, కాగితం ఉంది" అని చూపించి ఆమెను అంటగట్టడం. దాచుకోని పిల్లను గొడ్రాలని తోసేయడం. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఐవీఎఫ్‌తో కవలల్ని కంటే పేపర్లన్నీ రికార్డు అని రాశాయి. అంత వయసులో కూడా ఆమెను వదలని గొడ్రాలి మాట గురించి ఎంతమంది రాశారు? 2025 జూలైలో సికిందరాబాదులో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద పోలీసులు పెట్టిన శిశు విక్రయ కేసు మీరు చదివారు. తాడేపల్లిగూడెం రోడ్డు మీద కూడా బోసినవ్వుల పాపల హోర్డింగులున్నాయి. ఇంగ్లండులో 2019లోనే ఆరోగ్యంగా ఉన్న స్త్రీలకు ముట్లు ఆగడాన్ని వెనక్కి నెట్టుకోండని ఇదే పద్ధతిని అమ్మకానికి పెట్టారు. రేపు ఆ హోర్డింగు ఇక్కడా వస్తుంది. అందుకే ఇది ప్రభుత్వాసుపత్రిలో, కాన్సర్ వైద్యంలో భాగంగానే ఉండాలంటున్నాను.

పిల్లలు కావాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మాతృత్వమే స్త్రీ జన్మకు సార్థకం అన్న మాటను ఇన్నేళ్లు ఎదిరించినవాళ్లం. దాచుకోనన్న అమ్మాయిని కూడా అంతే గౌరవించాలి. మనం కోరేది ఆ నిర్ణయం మందు మొదలుపెట్టక ముందు, ఆమెకు తెలిసి జరగాలని మాత్రమే.

ఇక పని సంగతి. మీ ఊళ్లో ముప్పై అయిదు లోపు అమ్మాయికి కాన్సర్ అని తేలితే, మొదటి కీమోకు ముందు ఎవరో ఒకరు వెంట వెళ్లండి. "ఈ మందు అండాశయాన్ని దెబ్బతీస్తుందా? ఎంతవరకు? కాపాడటానికి ఏం చేయవచ్చు? కాన్సర్ వైద్యానికి ఆలస్యం అవుతుందా?" అని అడగండి. జవాబును కేసు షీటు మీద రాయమనండి. ఆమె కుదుటపడి ఉంటే ఆమెతోనే మాట్లాడమనండి, అత్తగారితో కాదు. మైనరు అయితే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లకు కూడా అర్థమయ్యేలా చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రయోగం చేసినప్పుడు హాస్టలు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. అది మళ్లీ జరగకూడదు. దాచడం జరిగితే అంగీకార పత్రం తెలుగులో ఉండాలి. అందులో ఆ కణజాలం ఆమెదేనని, మేజరయ్యాక నిర్ణయం ఆమె ఒక్కదానిదేనని, ఆమె చనిపోతే ఏం చేయాలో, ఏటేటా కట్టాల్సిన రుసుము ఆగిపోతే ఎన్నిసార్లు, ఏ చిరునామాకు తెలియజేశాక పారేస్తారో రాసి ఉండాలి. ఈ రుసుము దగ్గరే లంకల్లోని కుటుంబాలు చిక్కుకుంటాయి. మందుకు అప్పు చేసిన ఇల్లు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? వైద్య సేవ ట్రస్టుకు మనం పంపే వినతిపత్రంలో ఆపరేషన్ ఖర్చుతో పాటు ఈ నిల్వ రుసుమును విడిగా రాశాం. ముసాయిదా మీ చేతుల్లో ఉంది, మూడో పేజీ చూడండి. మార్పులుంటే సాయంత్రంలోగా చెప్పండి. ముందు బుట్టాయగూడెం అక్కలు మాట్లాడతారు, వాళ్లకు మూడున్నరకు బస్సుంది.